నిరతాన్నదాత్రి డొక్కా సీతమ్మ గారు

 ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు ఎందరో పెద్దలు గుర్తుకు వచ్చారు. చివరకు నా మనసు ఒక ఇల్లాలి దగ్గర ఆగింది. ఆమె ఏ పదవీ చేయలేదు, ఏ సభలోనూ మాట్లాడలేదు. గోదావరి లంకల్లో ఒక పెంకుటింటిలో పొయ్యి ఆరకుండా చూసింది, అంతే. ఆమే డొక్కా సీతమ్మ గారు.

ఆమెను ఎంచుకోవడానికి నా సొంత కారణం ఒకటి ఉన్నది. దానిని ముందు చెప్పుకోవాలి.

నాలుగేళ్ళుగా నేను కర్లపాలెం దగ్గర ఒక వృద్ధుల నివాసంలో ఉంటున్నాను. మా ఆవిడ కాలం చేసిన తర్వాత కొన్నాళ్ళు ఒంటరిగా చెయ్యి కాల్చుకున్నాను. పిల్లలు దూరదేశంలో ఉన్నారు. వారి మీద నాకు ఫిర్యాదు లేదు. పెన్షను వస్తున్నది కనుక డబ్బు కట్టే ఇక్కడ చేరాను. అయినా చేరిన మొదటి రోజు భోజనాల గదిలో పళ్ళెం ముందు కూర్చున్నప్పుడు ముద్ద దిగలేదు. పరాయి తిండికి చేరిపోయానే అన్న బాధ. ముప్పై ఏళ్ళకు పైగా సర్వీసు చేసి, ఇంటికి వచ్చిన వారికి కాఫీ ఇవ్వకుండా పంపని మనిషిని నేను. ఇప్పుడు గంట కొడితే వరుసలో వెళ్ళి కూర్చోవాలి. పది పన్నెండు రోజులు రాత్రి భోజనం మానేశాను. ఆకలి లేదని అబద్ధం చెప్పేవాడిని. ఆ తర్వాత ఏమి జరిగిందో చివర వ్రాస్తాను. ముందు సీతమ్మ గారి కథ.

బుువ్వన్న గారి అమ్మాయి

సీతమ్మ గారు 1841లో మండపేటలో జన్మించారు. తండ్రి అనుపిండి భవానీశంకరం గారు, తల్లి నరసమ్మ గారు. భవానీశంకరం గారు పెద్ద ఆస్తిపరులు కారు. కాని గడప తొక్కిన వాడికి అన్నం పెట్టకుండా పంపేవారు కారు. ఊరివారు ఆయన అసలు పేరు మరచి బువ్వన్న అని పిలిచేవారట. మనిషికి బిరుదులు చాలా రకాలుగా వస్తాయి. బువ్వ పెట్టడం వల్ల పేరే మారిపోవడం అరుదు.

సీతమ్మ గారి చిన్నతనంలోనే తల్లి పోయింది. ఇంటి బాధ్యత ఆ పసిదాని మీద పడింది. వచ్చేపోయే వారికి వండి వడ్డించడం ఆమె బడిలో నేర్చినది కాదు, తల్లి లేని ఇంట్లో అవసరం కొద్దీ నేర్చినది.

ఆ కాలం ఎటువంటిదో మన ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. ఆమె పుట్టడానికి తొమ్మిదేళ్ళ ముందు, 1832లో నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువు మన గుంటూరు సీమను ఊడ్చిపెట్టింది. ఎముకలు తేలిన మనుషులను చూసి దానిని డొక్కల కరువు అన్నారు. అప్పటి గుంటూరు జిల్లాలో ఉన్న ఐదు లక్షల మందిలో లక్షన్నరకు పైగా పోయారని చరిత్ర. మా తాతల నాటి వారు అన్నం పారేసే పిల్లలను ఆ కరువు పేరు చెప్పి మందలించేవారు. కృష్ణా గోదావరి సీమలకు ఆనకట్టలు లేని రోజులవి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంటే సీతమ్మ గారికి పదకొండేళ్ళు వచ్చే నాటికి గాని గోదావరి నీరు కాలువలకు ఎక్కలేదు. ఆకలి అంటే ఏమిటో కళ్ళారా చూసిన తరం ఆమెను పెంచింది.

గన్నవరం కోడలు

లంకల గన్నవరంలో డొక్కా జోగన్న గారని ఒక సంపన్న గృహస్థు ఉండేవారు. వేదం చదువుకున్నవారు, వ్యవసాయం చేసేవారు. ఒకసారి పండిత సభకు వెళ్ళి తిరిగి వస్తూ మధ్యాహ్నం వేళకు మండపేట చేరారు. ఆకలి వేళ. భవానీశంకరం గారి ఇంట ఆతిథ్యం దొరికింది. ఆ ఇంటి పిల్ల అతిథిని చూసుకొన్న తీరు ఆయన మనసుకు పట్టింది. విచారించి, సంబంధం అడిగి వివాహం చేసుకున్నారు. పెళ్ళిచూపులు భోజనాల పీటల దగ్గర జరిగాయన్న మాట.

గన్నవరం ఎక్కడ ఉన్నదో తెలిస్తే గాని ఆమె చేసిన పని పూర్తిగా అర్థం కాదు. అది గోదావరి పాయ అయిన వైనతేయ ఒడ్డున ఉన్న ఊరు. కోనసీమలో ఒక చోటు నుంచి మరొక చోటుకు పోవాలంటే ఏదో ఒక పాయ దాటాలి. ఆ రోజుల్లో దాటడమంటే పడవ. అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పోయేవారు, పెళ్ళివారు, వర్తకులు, కూలి జనం, అందరూ రేవు దగ్గర ఆగవలసినవారే. గాలి వాలు కుదరకపోయినా, వరద పెరిగినా పడవ కదలదు. పూటకూళ్ళ ఇళ్ళు దొరకని చోట, చీకటి పడ్డాక, పిల్లాపాపలతో చిక్కుకుపోయిన వారి గతి ఏమిటి? ఆ జనానికి గన్నవరంలో డొక్కా వారి ఇల్లు దిక్కయింది.

భార్యాభర్తలు ఇద్దరూ ఒక మాట మీద నిలిచారు. వేళ అని లేదు. అర్ధరాత్రి తలుపు తట్టినా లేచి పొయ్యి ముట్టించేవారు. వచ్చినవారి కులం ఏమిటి, ఊరేది, ఎంతమంది అని ముందు ఆరా తీయడం లేదు. ఆకలి ఒక్కటే అడగవలసిన విషయం.

మనం సంసారాలు చేసినవాళ్ళం కనుక ఒక్క నిమిషం ఆలోచించుదాం. ఎందరు వస్తారో తెలియని ఇంట్లో వంట ఎలా చేస్తారు? ఇంట్లో పెళ్ళి చేసినప్పుడు రెండు వందల మందిని లెక్క వేసి, యాభై మంది ఎక్కువ వస్తే మన గుండె జారిపోయింది. ఆమెకు ప్రతి రోజూ అదే పరిస్థితి. దంపుడు బియ్యం రోజులు. వడ్లు దంచాలి, చెరగాలి, పప్పు తిరగలిలో విసరాలి, నీళ్ళు తోడి మోయాలి, ఎండు కట్టెలు వర్షాకాలానికి దాచుకోవాలి. వరదల్లో పొయ్యిలోకి తడి కట్టె వస్తే పొగకు కళ్ళు పోతాయి. ఒక పంక్తి లేచేసరికి మరొక పడవ వస్తుంది. దానం అనే మాట వినడానికి బాగుంటుంది. దాని వెనుక ఉన్నది చాకిరీ. ఏడాది కాదు, పదేళ్ళు కాదు, కాపురానికి వచ్చిన నాటి నుంచి కన్ను మూసే దాకా.

1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని మహా కరువు పట్టినప్పుడు ఆనకట్ట పుణ్యమా అని గోదావరి డెల్టాలో పంట నిలిచింది. మెట్ట ప్రాంతాల నుంచి ఆకలితో జనం డెల్టాకు వలస వచ్చారు. అటువంటి కాలాల్లో తెరచి ఉన్న గడప విలువ ఎంతో ఊహించుకోవచ్చు.

అంతర్వేది ప్రయాణం

సీతమ్మ గారి గురించి గోదావరి జిల్లాల్లో ఇంటింటా చెప్పుకునే సంగతి ఒకటి ఉన్నది. ఆమెకు అంతర్వేది నరసింహస్వామిని చూడాలని ఎన్నాళ్ళుగానో కోరిక. ఇంటికి ఎవరు వస్తారో అన్న బెంగతో వాయిదా పడుతూ వచ్చింది. చివరకు ఒకసారి పల్లకీలో బయలుదేరారు. దారిలో బోయీలు అలసట తీర్చుకోవడానికి పల్లకీ దించారు. ఆ పక్కనే ఒక పెళ్ళి బృందం ఆగి ఉన్నది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. పెద్దవారు వారిని ఊరడిస్తూ, ఇంకొంచెం దూరం ఓర్చుకుంటే గన్నవరంలో సీతమ్మ గారి ఇల్లు వస్తుందని, అక్కడ కడుపు నిండా అన్నం పెడతారని చెబుతున్నారు. పల్లకీలో ఉన్నది ఆమేనని వారికి తెలియదు.

ఆమె పల్లకీని వెనక్కు తిప్పించారు. వారికంటే ముందు ఇల్లు చేరి, వంట చేయించి, వచ్చిన వారికి వడ్డించారు. అంతర్వేది దర్శనం ఆగిపోయింది. ఆకలి తీర్చడమే తన దైవదర్శనమని ఆమె నమ్మారని దీనికి మన పెద్దలు చెప్పే అర్థం. నాకు ఇందులో ఇంకొకటి కనిపిస్తుంది. ఆ పెళ్ళివారు మొహమాటపడలేదు. అన్నం అక్కడ ఉంటుందని తమ ఇంటి సంగతి చెప్పుకున్నంత ధీమాగా చెప్పుకున్నారు. పెట్టే చేతిలో గర్వం లేకపోతే తినే వాడికి సిగ్గు ఉండదు. అటువంటి ధీమా కలిగించడం అన్నం పెట్టడం కంటే కష్టం.

చక్రవర్తి ఆహ్వానం

ఎంత ఆస్తి అయినా కూర్చుని తింటే కరిగిపోతుంది. కూర్చోబెట్టి పెడితే ఇంకా త్వరగా కరుగుతుంది. డొక్కా వారి ఆస్తి కూడా తరిగిందని చెబుతారు. అయినా పొయ్యి ఆరలేదు.

ఆమె పేరు జిల్లా దాటి, సముద్రం కూడా దాటింది. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సందర్భంగా 1903 జనవరి 1న ఢిల్లీలో పెద్ద దర్బారు జరిగింది. ఆ ఉత్సవానికి సీతమ్మ గారికి ఆహ్వానం వచ్చింది. సంస్థానాధీశులు ఎదురుచూసే పిలుపు అది. ఆమె వెళ్ళలేదు. తాను పేరు కోసం పెట్టడం లేదని, తాను వెళితే ఇంటికి వచ్చేవారి గతి ఏమిటని అధికారులకు వినయంగా చెప్పి పంపారు. కనీసం ఫొటో అయినా ఇవ్వమని అధికారులు బ్రతిమాలారట. ఆమెకు అదీ ఇష్టం లేదు. ఫొటో లేకపోతే తమ ఉద్యోగాలకు ముప్పు అని వారు మొర పెట్టుకుంటే, మరొకరి కూటికి అడ్డు రాకూడదని ఒప్పుకున్నారని కథ. ఆ ఫొటోను వేడుకలో ఒక కుర్చీలో ఉంచి గౌరవించారని చెబుతారు. ఉద్యోగం చేసి వచ్చిన మనకు ఇందులో ఆ చిన్న ఉద్యోగుల అవస్థ కూడా బాగా అర్థమవుతుంది.

1909 ఏప్రిల్ 28న సీతమ్మ గారు పరమపదించారు. ఆమె కట్టించిన సత్రాలు, వ్రాసిన పుస్తకాలు ఏమీ లేవు. అయినా నూరేళ్ళు దాటినా పేరు చెరగలేదు. వైనతేయ పాయ మీద గన్నవరం దగ్గర 2000లో ప్రారంభమైన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఒకప్పుడు పడవ దాటలేక జనం ఆగిపోయిన చోట, ఆమె పేరున్న వంతెన మీదుగా కాలువ నీరు పారుతున్నది. 2024లో మన రాష్ట్ర ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. మా నివాసం దగ్గర బడిలో మధ్యాహ్నం పళ్ళేల చప్పుడు వినిపించినప్పుడు ఆ తల్లి గుర్తుకు వస్తుంది.

మరొక దేశంలో మరొక తల్లి

ఇటువంటి మనుషులు ఒక్క దేశంలోనే పుట్టరు. సీతమ్మ గారు పుట్టడానికి రెండేళ్ళ ముందు, 1839 శీతాకాలంలో ఫ్రాన్సు దేశంలో జాన్ జుగాన్ అనే ఒక పేద పనిమనిషి, చూపు లేని ఒక ముసలమ్మను తన గదికి తెచ్చుకుని తన మంచం ఆమెకు ఇచ్చింది. తాను అటక మీద పడుకుంది. ఆ ఒక్క మంచం నుంచే వృద్ధులను చూసుకునే ఒక సంస్థ పెరిగింది. ఆమె చేత బుట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ముసలివారి కోసం అడిగి తెచ్చేది. తీరా సంస్థ పెద్దదయ్యాక ఆమెనే పక్కన పెట్టారు. 1852 నుంచి 1879లో చనిపోయే దాకా ఇరవై ఏడేళ్ళు ఆమె ఒక మూల అజ్ఞాతంగా గడిపింది. సంస్థను మొదలుపెట్టినది ఆమేనని కొత్తగా చేరినవారికి తెలియదు. పదవీ విరమణ చేసిన మనకు ఆ సంగతి చదివితే మనసు చివుక్కుమంటుంది. ఆమె మాత్రం ఎవరినీ నిందించలేదట. ఆ సోదరీమణులు 1882లో కలకత్తా వచ్చారు. మన సికింద్రాబాదులోనూ వారి వృద్ధాశ్రమం ఉన్నది. 2009లో ఆమెను పునీతగా ప్రకటించారు.

మా భోజనాల గది

ఇప్పుడు మొదట ఆపిన నా సంగతి. నేను రాత్రి భోజనం మానేసిన రోజుల్లో ఒక రాత్రి కళ్ళు తిరిగి వరండాలో కూలబడ్డాను. షుగరు మాత్ర వేసుకుని అన్నం తినకపోతే అంతే కదా. పట్టుకుని లేపినది మా ఆయమ్మ. పంచదార నీళ్ళు తాగించి, మజ్జిగ అన్నం కలిపి తెచ్చి ఎదురుగా కూర్చుంది. నాకు కూతురు వయసు. తాతయ్యగారూ అని పిలుస్తుంది. మరునాడు వంట చేసే ఆవిడ చెబితే తెలిసింది. నేను తినని ఆ రాత్రులన్నీ ఆ అమ్మాయి నా వాటా పళ్ళెం మూతపెట్టి, నేను మనసు మార్చుకుని వస్తానేమోనని పది గంటల దాకా కూర్చునేదట. అందరూ తిన్నాకే తాను తినడం అలవాటట. నేను తినలేదు కనుక చాలా రాత్రులు సరిగా తినకుండానే పడుకుంది.

నాకు తల కొట్టేసినట్లయింది. నా సిగ్గు నా ఒక్కడిదే అనుకున్నాను. దాని ఖరీదు మరొకరు కట్టారు. అన్ని రోజులూ ఆ పిల్లను నువ్వు తిన్నావా అమ్మా అని నేను ఒక్కసారి అడగలేదు.

అప్పుడు 1977 గుర్తుకు వచ్చింది. నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు దివిసీమతో పాటు మన రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల తీరం కూడా అతలాకుతలమైంది. చిన్న గుమాస్తాగా సహాయ శిబిరంలో బియ్యం రిజిస్టరు వ్రాసే డ్యూటీ నాది. ఎందరికి ఎన్ని కిలోలు అని లెక్క తప్పకుండా వ్రాశాను. మూడో రోజు మధ్యాహ్నం, ఇల్లు కొట్టుకుపోయిన ఒక ముసలమ్మ తన గంజిలో సగం సత్తు గిన్నెలో పోసి నా ముందు పెట్టింది. ఉదయం నుంచి నేను ఏమీ తినలేదని ఆమె గమనించింది. నేను తాగాను. ఆ రోజు నాకు సిగ్గు వేయలేదు. ఆ గంజి ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. సీతమ్మ గారి ఇంట్లో రిజిస్టరు ఉన్నట్లు ఎవరూ చెప్పరు.

మా నివాసంలో ఆయమ్మల పని దగ్గర నుంచి చూస్తున్నాను. మంచాన పడినవారిని పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. మింగలేని వారికి తల కొంచెం ఎత్తి, జావ చెంచాతో, పొరబోకుండా పట్టాలి. మతిమరుపు వచ్చిన పెద్దాయన పదిసార్లు అదే ప్రశ్న అడిగితే పదకొండోసారి కూడా విసుగు లేకుండా జవాబు చెప్పాలి. తిట్లు పడాలి. ఇంతా చేసి ఇంటికి పోయి మళ్ళీ పొయ్యి ముట్టించాలి. జీతం ఇస్తున్నాము కదా అనవచ్చు. జీతం పనికి. ఓర్పుకు కాదు.

2007లో పార్లమెంటు చేసిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ప్రకారం జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, నూట యాభై మంది నిరుపేద వృద్ధులకు చోటుతో, దశలవారీగా ఏర్పాటు కావాలి. చట్టం మంచం ఇప్పించగలదు. ఆ మంచం పక్కన కూర్చునే మనిషిని ఇప్పించలేదు. ఆ మనిషిని మనమే కాపాడుకోవాలి.

ఆ రాత్రి తర్వాత మా భోజనాల గదిలో ఒక మార్పు జరిగింది. కదలగలిగిన మేము ఏడెనిమిది మందిమి కలిసి నిర్వాహకులను అడిగి, మధ్యాహ్నం వడ్డన వంతులు వేసుకున్నాము. కూరగాయలు తరగడం, మంచినీళ్ళు పెట్టడం, పళ్ళేలు తీయడం మా పని. రెండు గంటలు కొట్టేసరికి ఆయమ్మలు, వంటవారు కూర్చోవాలి. వారికి మేము వడ్డిస్తాము. మొదటి రోజు వారు కూర్చోలేకపోయారు. మొహమాటంతో ముద్ద దిగలేదు. ఆ అవస్థ నాకు బాగా తెలుసు కనుక నవ్వు వచ్చింది. ఇప్పుడు అలవాటు పడ్డారు. పప్పు చాలదని అడిగి వేయించుకుంటున్నారు. నాకు చేతులు వణుకుతాయి, చారు కొంచెం పళ్ళెం బయట పడుతుంది. ఎవరూ ఏమీ అనరు.

సీతమ్మ గారి కథలన్నీ ఆమె ఎందరికి పెట్టిందో చెబుతాయి. ఆమె ఎప్పుడు తిన్నదో, ఆమెకు ఎవరు పెట్టారో ఏ కథా చెప్పదు. ఆమెకు మనం ఇప్పుడు వడ్డించలేము. మన ఇళ్ళల్లో, ఆసుపత్రుల్లో, ఆశ్రమాల్లో మనలను చూసుకుంటున్న వారికి వడ్డించవచ్చు. సభ్యులు ఈ సంచిక చదవడం ముగించి పక్కన పెట్టగానే, తమకు అన్నం పెట్టే వారిని భోజనం చేశారా అని ఒక్కసారి అడగవలసినదిగా నా మనవి. అడిగి ఊరుకోకుండా, జవాబు వినవలసినదిగా కూడా మనవి.

ఆ మహాతల్లికి నమస్కరిస్తూ సెలవు తీసుకుంటున్నాను.